కిటికీ వైపు కుర్చీలు

రమణబాబు మెట్లెక్కి వచ్చేసరికి క్లినిక్‌లో జనం లేరు. బుచ్చమ్మ ఒక్కతే కుర్చీలు సర్దుతోంది.

“మేడం దగ్గర ఎవ్వరు లేరు సార్, లోపలికి పోండ్రి. గిట్ల బయట కూసునుడేంది?”

“నా టైమ్ ఏడింటికి కదా బుచ్చమ్మా. ఏడు కానీ.”

“ఏమో సారూ, మీ పరేషాన్ మీది” అంటూ ఆమె చీపురు అందుకుంది.

ఏ.ఎస్. రావు నగర్‌లో స్వీట్ షాపు పైన రెండు గదుల క్లినిక్ అది. ఊళ్లో ఏ ఇద్దరు కలిసినా జావా కోర్సులు, జీతాల ప్యాకేజీలు తప్ప వేరే మాట లేని రోజులు. జీతాలు పెరిగాయి, నిద్రలు పోయాయి. కౌన్సెలర్ కల్పలత దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. రమణబాబుదీ బేగంపేటలో అదే ఉద్యోగం.

ఏడయింది. లోపలికి వెళ్లాడు. ట్యూబ్‌లైటు ఆర్పేసి ఉంది, మూలన చిన్న టేబుల్ ల్యాంపు వెలుగుతోంది. ఫ్యాను చప్పుడు కూడా లేదు. ఆ గదిలో కుర్చీలు ఎదురెదురుగా ఉండవు. రెండూ పక్కపక్కన కిటికీ వైపు తిరిగి ఉంటాయి. ఒకరు చెప్పడం పూర్తయ్యేదాకా రెండోవారు నోరు తెరవకూడదు. అక్కడికి ఎవరొచ్చినా ఇదే పద్ధతి.

“చెప్పండి రమణబాబు గారూ” అంది కల్పలత.

“రేపు పొద్దున ఆఫీసులో చెప్పేయాలి మేడం, చెన్నై వెళ్తానో లేదో. వెళ్తే ఒక్కణ్ణే వెళ్తాను. దాచడమెందుకు, వెళ్తే మళ్లీ మా ఆవిడ దగ్గరికి రాను.”

కల్పలత పెన్ను మూత తిప్పుతూ ఉండిపోయింది. అతను చెప్పడం ఇంకా పూర్తి కాలేదు మరి.

“ప్రమోషనొచ్చిందని పరిగెత్తుకుంటూ ఇంటికెళ్లాను. ‘ఊఁ’ అంది. అంతే. ఫ్రెండు గృహప్రవేశానికి తీసుకెళ్తే మెట్ల మీదే కూర్చుంది. భోజనాల దాకా లోపలికి రాలేదు. మా నాన్న పోయినప్పుడు విజయనగరంలో ఇంటి నిండా ఏడుపులు. ఈవిడ కంట తడి లేదు. వంటింట్లో గిన్నెలు తోముతూనే ఉంది, తోమినవే మళ్లీ తోమింది. మా అక్క అప్పలలక్ష్మి అందరి ముందూ అనేసింది, ‘ఇదేటి మనిషిరా బాబూ, రాయి’ అని.”

జేబులోంచి రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“కాప్రాలో మంచి ఇల్లే మేడం. ఇద్దరం ఉన్నాం. నాకు మాత్రం నేనొక్కణ్ణే ఉన్నట్టుంటుంది. ఏం జరిగినా నాతో నేనే చెప్పుకుంటున్నాను. చచ్చేంత ఒంటరిగా ఉంది. అయిపోయింది, ఇంకేం లేదు.”

కల్పలత చేతిలోని పెన్ను మూత జారి కింద పడింది. ఆమె తీసుకోలేదు.

“అన్ని ఏడుపుల మధ్య ఆవిడకు తల పగిలిపోయి ఉంటుంది” అంది మెల్లగా. “ఆ ఇంట్లోంచి పారిపోవాలనిపించి ఉంటుంది. అయినా పోలేదు కదా. మీకోసమే అక్కడ ఉండిపోయింది. మిమ్మల్ని ఎలా ఓదార్చాలో తెలియలేదు. గిన్నెలు తోమడం తెలుసు, అదే చేసింది.”

రమణబాబు వంగి పెన్ను మూత తీసి ఆమెకిచ్చాడు.

“ఇదంతా మీకెలా తెలుసు?”

“నేనూ అలాంటి మనిషినే. చిన్నప్పుడు స్కూల్లో గంట మోగితే బల్ల కింద దూరేదాన్ని. మొండిఘటం అన్నారు. పెళ్లిళ్లకు తీసుకెళ్లడం మానేశారు. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తే ఆ మనిషి చెప్పేది నాకు వినబడదు. అందుకే ఇక్కడ కుర్చీలు ఇలా వేయించాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని ఎవరూ మొండివాళ్లు అనకూడదని బుచ్చమ్మకు కూడా గట్టిగా చెప్పాను.”

“ఎప్పుడూ చెప్పలేదేటి మేడం?”

“ఎవరికీ చెప్పలేదు. దీనికో పేరుందని ఈ చదువు చదివాకే తెలిసింది. అప్పటిదాకా నేను చెడ్డదాన్నే అనుకున్నాను.”

“మరి మీకు ఒంటరిగా ఉండదా?”

“ఉంటుంది. చాలా.”

కింద స్వీట్ షాపు వాళ్లు ఏదో బరువైన డబ్బా ఈడ్చారు. ఆ చప్పుడు ఆగాక రమణబాబు అడిగాడు.

“అలాంటి వాళ్లకి... మనుషుల మీద ప్రేమ ఉంటుందా?”

“బోలెడంత ఉంటుంది. నోటిదాకా రాదు, అదే తక్లీఫ్. ఇంట్లో ఎవరు ఎప్పుడు మాట్లాడతారో, ఎప్పుడు మాట్లాడాలో అంతా గజిబిజి. ఒక గది, ఒక టైమ్, ఒకరి తర్వాత ఒకరు అని ఉంటే కాస్త నోరు పెగులుతుంది.”

రమణబాబు లేచాడు. తలుపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మొహం తుడుచుకున్నాడు.

“ఒక్కటి చెప్పండి మేడం. రేపు చెన్నై వెళ్తానని చెప్పేస్తున్నాను. ఇప్పుడు మా ఆవిడే ఇక్కడ కూర్చుని ఉంటే, నాతో ఏమనేది?”

ఆమె పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. రమణబాబు తొందరపెట్టలేదు. ఆమె వంతు వచ్చింది, ఎంతసేపైనా తీసుకోనీ అని ఊరుకున్నాడు.

“వెళ్లకండి” అంది రమణబాబు భార్య కల్పలత.