తుఫాను వచ్చేదాకా

జీపు మీద మైకు పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉంది.

"తుఫాను వస్తోంది! తుఫాను వస్తోంది! మత్స్యకారులు వేటకి వెళ్ళరాదు!"

పాడేరుకి అవతల, సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తున, కాఫీ మొక్కల మధ్య ఆ మాట విని ఆవులు కూడా తలెత్తి చూశాయి. మైకు పట్టుకున్న కొండబాబుది తప్పేం లేదు. ఆఫీసులో ఏం రాసిస్తే అది చదవడమే అతని ఉద్యోగం. భీమిలి ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి తుఫాను డ్యూటీకి కొండెక్కించిన తెలివి కూడా ఆ ఆఫీసుదే. పిల్లలు వానలో తడవకూడదని టౌనులో హాస్టళ్ళు మూసేసి, పిల్లల్ని వానలోకి తోలేసిన తెలివి ఇంకెవరిదో.

డిసెంబరు చలి. చేలల్లో పచ్చటి వలిసె పూలు నేలకి అంటుకుపోయాయి. పైన స్కూలుకి శ్లాబు ఉంది కాబట్టి మేకలు, కోళ్ళు, మనుషులు, ఆ వరసలోనే, అక్కడికి చేరిపోయారు. మిగిలింది ఒక్క ఇల్లు. గెడ్డ ఒడ్డున, దుంగల వంతెన పక్కన. ఎర్రనీళ్ళు అప్పటికే అరుగుని నాకుతున్నాయి.

గుమ్మంలో రాజకుమారి. చంకలో నెలల పిల్లాడు. చూపు వంతెన మీద.

"ఏమ్మా, నిన్ను విడిగా బొట్టుపెట్టి పిలవాలా?" అన్నాడు కొండబాబు. "తుఫాను వస్తోందని గొంతు చించుకుంటున్నాను కదా!"

ఆమె మొహం వెలిగిపోయింది. "నిజమేటి బావూ? ఎందాకా వొచ్చింది?"

"దారిలోనే ఉంది. చీకటి పడేసరికి ఇక్కడుంటుంది."

"సీకటడిపోద్దా! ఒక్కత్తే వత్తందా?"

తుఫానుకి తోడెవరని అడిగిన మనిషిని కొండబాబు తన సర్వీసులో చూడలేదు.

"ఒక్కత్తే ఎందుకూ? గాలినీ వాననీ వెంటేసుకుని వస్తోంది."

"తడిసిపోద్ది గదా బావూ!"

"గొడుగు పంపమంటావా?"

"పంపుతావేటి?"

వెటకారంలో భీమిలి వాళ్ళని కొట్టేవాళ్ళు లేరనుకునేవాడు కొండబాబు. ఇవాళ్టితో ఆ గర్వం దిగిపోయింది.

లోపల్నుంచి ఆమె అత్త సోములమ్మ కోడిపెట్టను బుట్టలో అదుముకుంటూ బయటికొచ్చింది.

"దీనికి సెప్పీ సెప్పీ నా నోరెండిపోనాది. తుఫాను ఎప్పుడొచ్చినా నా ఇల్లు పీకి పందిరేత్తాది. కిందటిసారి కొత్త కుండ పగలగొట్టీసింది. సిక్కుడు పాదు మొదలంటా లాగీసింది. దానికోసం ఈవిడ పొయ్యి మీద ఏన్నీళ్ళెట్టింది సూడు!"

"వేణ్ణీళ్ళా? ఎవరికి?"

"తుఫానుకి," అంది రాజకుమారి. "వొచ్చీసరికి సల్లబడిపోయుంటాది గదా."

కొండబాబు దిక్కులు చూశాడు. సోములమ్మ నెత్తి కొట్టుకుని, "కోడిని బడిలో ఎట్టీసి వత్తాను" అంటూ గట్టెక్కి వెళ్ళిపోయింది.

"పెద్దావిడ చెప్పింది విన్నావు కదా. నడువు. ఆ చంకలోవాడి మొహమైనా చూడు. పేరేంటి వీడిది?"

"సోంబరు."

"సోమవారం పుట్టాడా?"

"అవును బావూ. పుట్టినప్పుడు ఏదెదురొత్తే అదే పేరు. మీలాగ పుస్తకాలు తిరగెయ్యం."

"నయం, కరెంటు కోతలో పుట్టలేదు. ఇదిగో, గాలివాన చాలా పెద్దదమ్మా. వింటున్నావా?"

"గాలివాన సంగతి నాకెరికే. కొండ మీద మబ్బు సూసినాను. నువ్వు తుఫాను సంగతి సెప్పు. ఏటన్నా తినిందేటి?"

"దారిపొడుగునా తింటూనే వస్తోంది! అరటితోటలు, తాటాకు ఇళ్ళు, కరెంటు స్తంభాలు!"

రాజకుమారి అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, మళ్ళీ వంతెన వైపు తిరిగింది.

అంతలో గెడ్డ పొంగింది. నీళ్ళు గుమ్మం దాటి లోపలికొచ్చాయి. పొయ్యిలో నిప్పు చుయ్యిమని ఆరిపోయింది. వంతెన చివరి దుంగ ఒకటి ఊడి కొట్టుకుపోయింది.

కొండబాబులో వెటకారం కూడా దాంతోపాటే పోయింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. నాకూ పిల్లలున్నారు. ఇల్లు ఈ రాత్రికి నిలబడదు. ఆ పసివాడు నీకేం పాపం చేశాడు? రా తల్లీ!"

ఆమె నీళ్ళని చూసింది. పిల్లాణ్ణి చూసింది. వాడి తల మీది గుడ్డ సరిచేసి, తెచ్చి కొండబాబు చేతుల్లో పెట్టింది.

"ఈడ్ని నువ్వు పట్టుకెళ్ళిపో బావూ. తుఫాను రాకుండా నేను మాత్రం కదల్ను."

ఒక చేతిలో మైకు, ఒక చేతిలో సోంబరు. ఆఫీసు కాగితంలో దీనికి ఏం చెయ్యాలో రాయలేదు. "ఇంత పంతమేంటమ్మా ఆ తుఫానుతో నీకు?" అని అరిచాడు కొండబాబు. అతనెందుకు అరిచాడో తెలియక సోంబరు అంతకంటే గట్టిగా అందుకున్నాడు.

వాళ్ళిద్దర్నీ పట్టించుకోకుండా రాజకుమారి ఒక్కసారిగా కెవ్వుమని నీళ్ళలోకి దూకింది.

మోకాలి లోతు ఎర్రనీళ్ళలో వంతెన దాకా పరిగెత్తి, నెత్తిన హాస్టలు ట్రంకుపెట్టెతో తడిసి ముద్దయి దుంగల మీద నిలబడిన తొమ్మిదేళ్ళ కూతుర్ని చంకకి లాక్కుని, వీపు మీద ఒక్కటిచ్చి బావురుమంది: "ఎక్కడ సచ్చినావే తుఫానూ, నువ్వొత్తన్నావని పాపం ఈ బావు పొద్దుటి నుంచీ మైకులో అరిసి సస్తన్నాడు!"