సర్కారు గుర్రం

సొంత గుర్రానికి బత్తెం కావాలా, సర్కారు గుర్రం కావాలా అని పై ఆఫీసరు అడిగితే, టీకాలు వేసే వరహాలరావు సంబరంగా సర్కారు గుర్రమే కోరుకున్నాడు.

అనంతగిరి దగ్గర ఒక గూడెంలో మశూచి కనిపించింది. అది పాకేలోగా టీకాలు వేద్దామని కొత్త గుర్రమెక్కి పక్క గూడేనికి పరుగున వెళ్లాడు. ఆ గుర్రం దూరాన కనబడగానే ఊరంతా అడవిలోకి పారిపోయింది.

మర్నాడు అదే గూడేనికి తన సొంత ముసలి గుర్రం మీద వెళ్తే తల్లులు పిల్లల్నెత్తుకుని ఎదురొచ్చారు. అందరికీ టీకాలు వేశాడు.

"నిన్న వచ్చిందీ నేనేగా?" అని గూడెం పెద్ద గాసిని అడిగాడు.

"మొకమెవులు సూసారు బాబూ? అలాటి నున్నటి గుర్రాల మీద పన్నులోళ్లే వత్తారు. ఈ ముసల్దాని మీదొత్తే నువ్వు మా సుట్టానివి."

వరహాలరావు నవ్వుకుంటూ ఆఫీసరుకు ఉత్తరం రాశాడు: "అయ్యా, తమరిచ్చిన గుర్రం బాగా పరిగెడుతోంది. దాన్ని చూసి ఊళ్లు అంతకన్నా బాగా పరిగెడుతున్నాయి. నాకు బత్తెమే ఇప్పించండి."