పడినవారి వంతు

"ఆ దెబ్బ చెల్లదండి."

అరుగు కింద నుంచి వచ్చిన ఆ మాటకు ఆడుతున్న ఇద్దరూ తలెత్తారు.

యాభై దాటిన మనిషి. చేతిలో వంకాయల సంచీ. ఆదివారం బజారు చేసుకుని పోతూ ఆగినట్టున్నాడు.

అది తెనాలిలో జగన్నాథరావు ఇల్లు. ఆయన కాలేజీలో చరిత్ర చెబుతాడు. స్నేహితుడు శేషగిరి ప్లీడరు. పంతొమ్మిది వందల అరవై ఏడులో ఆ ఇద్దరికీ ఒక సరదా పట్టుకుంది. ఆదివారం పొద్దున బల్ల మీద ఇసుక పోసి, తళ్ళికోట యుద్ధం ఆడేవారు. చింతపిక్కలు ఒక సైన్యం, గురివింద గింజలు మరో సైన్యం. ఎవరి దెబ్బ తగిలిందో గవ్వలు వేసి తేల్చుకునేవారు.

"ఎందుకు చెల్లదు?" అన్నాడు శేషగిరి.

"ఆ నాలుగు పిక్కలూ ఇందాకే పడిపోయాయి గదండీ. పడినోళ్ళని మళ్ళీ కొట్టకూడదండి."

జగన్నాథరావుకు ముచ్చటేసింది. "మీ పేరేంటండి?"

"చెంచురామయ్యండి. అంగలకుదురు."

"అయితే రండి, కూర్చోండి. ఆట నియమాలు మీరే చెప్పండి."

నవ్వుతూ అన్న మాట. చెంచురామయ్య నవ్వలేదు.

"కబురు పెట్టకుండా మీద పడకూడదండి. పడినోళ్ళని ఏరుకోడానికి ఒక వంతు వదలాలండి. ఆ వంతులో ఎవరూ చెయ్యెత్తకూడదు."

"పూర్వం మర్యాద అదే," అన్నాడు జగన్నాథరావు. కాగితం మీద రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

అప్పటినుంచి చెంచురామయ్య ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చునేవాడు కాదు. మెట్టు మీదే ఉండి చూసేవాడు. పడినవారి వంతు వచ్చినప్పుడు మాత్రం లేచి, రెండు వైపుల గింజలూ ఒక్కొక్కటే ఏరి, ఇసుక తుడిచి డబ్బాలో పెట్టేవాడు.

ఆట అయిపోయినా కదిలేవాడు కాదు.

"ఇంటి దగ్గర ఎదురుచూస్తారేమోనండి," అన్నాడు ఒకసారి జగన్నాథరావు.

"ఎవరూ లేరండి."

శ్రావణమాసంలో ఒక ఆదివారం జగన్నాథరావు ఓడిపోయేలా ఉన్నాడు. చెంచురామయ్య ఇంకా గింజలు ఏరుతూనే ఉన్నాడు. ఆయన చెయ్యి ఇసుకలో ఉండగానే జగన్నాథరావు గవ్వలు విసిరాడు.

"పడింది! మీ సేనాపతి పోయాడు ప్లీడరుగారూ!"

"దొంగదెబ్బ!" అంటూ శేషగిరి పడీపడీ నవ్వాడు.

చెంచురామయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. "లెక్చరర్ గారూ, సంతకం పెట్టారండి."

"ఆటే కదండీ! నిజం యుద్ధంలో అయితే ఎవరు ఊరుకుంటారు? మీకు తెలియదు గానీ, అక్కడ ఈ మర్యాదలేం ఉండవు."

చెంచురామయ్య ఇసుక మీదికి వంగాడు. మిగిలిన గింజలు కూడా ఏరి డబ్బాలో వేశాడు.

"వస్తానండి."

మళ్ళీ రాలేదు.

జగన్నాథరావుకు మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. రెండు ఆదివారాల తర్వాత శేషగిరి ఒక వార్త తెచ్చాడు.

"అంగలకుదురు క్లయింటు చెప్పాడు. మన పెద్దమనిషిని బర్మా యుద్ధంలో పటాలం నుంచి తరిమేశారట. శత్రువుని చూసి వణికిపోయాడని ఊరంతా అంటారు. పెళ్ళాన్ని కూడా పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళిపోయారట."

"అదా సంగతి!" జగన్నాథరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అలాంటివాడా మనకి యుద్ధమర్యాదలు నేర్పింది!"

నియమాల కాగితం చింపేశాడు. ఆట సాగింది.

కార్తీకమాసంలో ఒక ముసలామె వాకిట్లోకి వచ్చింది.

"నా పేరు రాఘవమ్మండి. చెంచురామయ్య అక్కని, ఆ ఊళ్ళోనే అత్తవారింట ఉంటాను. తమ్ముడు పోయి పన్నెండు రోజులైంది బాబూ."

ఆమె కొంగుముడి విప్పి మడతపెట్టిన కాగితం తీసింది.

"వాడి పెట్టెలో ఈ ఇంగ్లీషు కాయితం దొరికింది. ఏంటో చదివి చెప్తారని తెచ్చాను. మా ఊళ్ళో వాడిని ఎవరూ పలకరించేవాళ్ళు కాదండి. మీరు పిలిచి కూర్చోమన్నారని ఎంత పొంగిపోయాడో!"

"పటాలం నుంచి ఎందుకు పంపేశారని మీరెప్పుడూ అడగలేదాండి?"

"అడిగానండి. 'చెప్పిన పని చెయ్యలేదక్కా' అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు."

జగన్నాథరావు మడతలు విప్పి చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"భయపడ్డాడనేనా బాబూ, రాసింది?"

"కాదమ్మా," అన్నాడు. తర్వాత ఆ నాలుగు వరుసలూ తెలుగులో చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

చనిపోయిన తమ వాళ్ళను మోసుకుపోతున్న శత్రువుల మీద తుపాకీ పేల్చమని మూడుసార్లు ఆజ్ఞాపించినా పేల్చనన్నందుకు, సిపాయి చెంచురామయ్యను కొలువు నుంచి తీసేసినట్టు అందులో రాసి ఉంది.