మునీరా అమ్మిన ఫియట్

“ఇంజను బాగుండాదంటివి గదే,” అంటూ నూర్ మహమ్మద్ చేతిలోని అట్టముక్కను తిప్పి మునీరా ముందు పడేశాడు. ముందువైపు నీలంరంగు ఫియట్ కారు బొమ్మ. వెనకవైపు ఇంజను పగిలిందనీ, బండి విలువ సున్నా అనీ ఇంగ్లీషులో రాసి ఉంది.

పదకొండేళ్ళ మునీరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “అమ్మేవాళ్ళు ఏమైనా చెప్పొచ్చని నువ్వే గదా అన్నావు పెదనాయనా. కొనేవాళ్ళే చూసుకోవాలంటివే.”

అన్నది నిజమే. ఈ పాత కార్ల ఆటను మద్రాసులో కొని, రంజాన్ పండగకని ఆత్మకూరు నుంచి ఉదయగిరిలో తల్లీ తమ్ముడూ ఉండే ఇంటికి తెచ్చిందీ, రూల్సు చదివి అందరికీ చెప్పిందీ అతనే. ఆడేది నలుగురు. అతను, తల్లి కరీంబీ, తమ్ముడు నబీ రసూల్, తమ్ముడి కూతురు మునీరా. అన్నదమ్ములకు మాటల్లేక రెండేళ్ళయింది. పండగ పూటైనా ఒక చాప మీద కూర్చోమని కరీంబీ పట్టుబడితే కూర్చున్నారు గానీ, ఆటలో కూడా ఒకరి బండి ఒకరు కొనలేదు. పాచిక పడి తమ్ముడి బండి కొనాల్సి వచ్చినప్పుడల్లా నూర్ మహమ్మద్ జరిమానా కట్టి తప్పించుకున్నాడు. ఉన్న ఉత్తుత్తి నోట్లన్నీ అట్లా తరిగిపోగా, మిగిలినవి ఈ ఫియట్‌కు పోసి ఆటలోంచి అవుటయ్యాడు.

అప్పటికీ ఊరుకునేవాడే. తమ్ముడి మొహంలో నవ్వు చూశాడు.

“ఏంది నవ్వుతుండావు?” రెండేళ్ళ తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

“బిడ్డ నవ్వితే నవ్వినానన్నా. ఇంకేం లేదు.”

“నవ్వుతావులే. నాకు ఆ అంబాసిడర్ అంటగట్టిననాడు గూడా ఇట్నే నవ్వుకోనుంటావు.”

“పండగపూట ఆ మాటలెందుకురా,” అంది కరీంబీ.

“ఎందుకా? ఇరవై రెండు వేలు పోసినానమ్మా. బాడుగలకు తిప్పుకుందామని కొంటే నెల తిరగలా. పెండ్లికొడుకుని ఎక్కించుకోనిపోతా ఉంటే నడిరోడ్డు మీద ఆగిపాయె. పూలదండతోనే బస్సెక్కి పోయినాడు వాడు. ఇంజను ఎప్పుడో పగిలింది, పైన అతుకేసి ఉండారు, ఏ దొంగనాకొడుకు అమ్మినాడు నీకని మెకానిక్ అడిగినాడు. నా తమ్ముడని చెప్పలేక తల దించుకున్నాను.”

నబీ రసూల్ చాప మీది అట్టముక్కలను ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. ఆ నిదానం చూసి నూర్ మహమ్మద్‌కు ఒళ్ళు మండింది. అతని చేతిని పట్టి ఆపాడు.

“ఈ పొద్దు ఒక్కటి చెప్పు. ఇంజను పగిలిందని నీకు తెలుసా, తెలీదా?”

“తెలుసన్నా.”

తెలియదని బొంకుతాడేమో, నాలుగు తిట్టి వదిలేద్దామనుకున్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అనుకోలేదు.

“తెలిసీ అమ్మినావా? నాకా? సొంత అన్నకా?”

నబీ రసూల్ చెయ్యి విడిపించుకుని మళ్ళీ అట్టముక్కలు పేర్చసాగాడు.

నూర్ మహమ్మద్ ఆట అట్టను ఒక్క తన్ను తన్నాడు. పాచిక మంచం కిందికి దొర్లింది. నోట్లు గదంతా చెదిరాయి. మునీరా వాటిని ఏరబోతే ఆమె మీదికి తిరిగాడు.

“దొంగ బుద్ధి యాడికి పోతాది? వీడి కడుపున పుట్టినదానివి, నువ్వు నిజమెట్ట చెప్తావే?”

మునీరా చేతిలోని నోట్లు అట్లాగే జారవిడిచింది. నబీ రసూల్ లేచి కూతుర్ని వెనక్కి లాక్కున్నాడు.

“నన్నేమన్నా అనన్నా. రెండేళ్ళుగా పదిమంది కాడ అంటానే ఉండావు, పడతానే ఉండా. బిడ్డను అంటే మాత్రం బాగుండదు.”

“ఏం చేస్తావురా? కొడతావా?”

“ఇంకోమాట అను, తెలుస్తాది.”

వంటింట్లోంచి సేమ్యా గిన్నె తెస్తున్న నబీ రసూల్ భార్య మస్తాన్బీ గుమ్మంలోనే ఆగిపోయింది. అన్నదమ్ములు రొమ్ము రొమ్ము తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నారు. ముందుగా నూర్ మహమ్మదే మొహం తిప్పుకున్నాడు. కొక్కేనికున్న సంచి లాక్కున్నాడు.

“మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కితే నన్ను చెప్పుతో కొట్టండి. చచ్చినా రాను. వాడు చచ్చినా రాను.”

చెప్పులు వేసుకుని తలెత్తేసరికి వాకిలికి అడ్డంగా కరీంబీ నిలబడి ఉంది. రెండు చేతులూ చెరో తలుపు మీద ఉన్నాయి.

“తప్పుకోమ్మా. బస్సు పోతాది.”

“పోనీ.”

“ఇంకా వాడినే వెనకేసుకోనొస్తావా? ఒక్కమాట, ఇంజను పగిలింది అని ఒక్కమాట ముందే చెప్పుంటే నాకింత మంట ఉండేది కాదు.”

“చెప్పినాడురా.”

“అమ్మా, నువ్వూరుకో,” అన్నాడు వెనకనుంచి నబీ రసూల్. ఆ గొంతులో కోపం లేదు, కంగారు ఉంది.

నూర్ మహమ్మద్ ఒకసారి తమ్ముణ్ణీ, ఒకసారి తల్లినీ చూశాడు. “ఎవరికి చెప్పినాడు?”

“నాకు,” అంది కరీంబీ. “అన్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పు, అయినా కావాలంటేనే ఇద్దామని నన్ను నీ కాడికి బేరానికి పంపినాడు, అప్పుడు మస్తాన్బీ ఆసుపత్రిలో ఉండె, ఆపరేషనుకు డబ్బు కావాల్సొచ్చె, చెప్తే నువ్వు కొనవని నేనే దాచినానురా.”