రేపు పొద్దున్నే పోతాం

ఎస్తేరుకు అన్నిటికంటే భయం, మొగుడు నోరు తెరుస్తాడేమోనని. నోరు తెరిస్తే జైలు. అతను జైలుకు పోతే తనకూ, చంకలో ఉన్న పాపకూ దిక్కు లేదు.

"దిగు బావా. అందరూ చూస్తా ఉండారు."

ఆత్మకూరు చర్చి ఆవరణలో లగేజీ ఆటో ఆపి, యేసుబాబు హ్యాండిల్ మీద తల వాల్చి కూర్చున్నాడు. పగిలిన హెడ్‌లైటు కనపడకుండా ఎస్తేరు దాని మీద పాప దుప్పటి ఆరేసింది.

"నేను రాలేను మే. ఈ పొద్దు ప్రభుబల్ల. ఏ మొకం పెట్టుకోని రొట్టె ముట్టుకునేది?"

"రాకపోతే అడగరా? రాహేలమ్మత్త ఒక్కతి చాలు, ఊరంతా మోసేదానికి."

"కాదు మే, ఆ పెద్దాయన..."

"ఆ మాట ఎత్తబాక! నీకు దండం పెడతా."

ఆ తెల్లవారుజామున మర్రిపాడులోని ఆమె పుట్టింటి నుంచి వస్తుంటే, కల్వర్టు దగ్గర రోడ్డు దాటుతున్న ముసలాయన్ను ఆటో కొట్టేసింది. ఆయన ఎగిరి పక్కన ముళ్ళకంపల్లో పడ్డాడు. రోడ్డు మీద నరపురుగు లేదు. యేసుబాబు బండి ఆపి పరుగెత్తబోతే, "ఎక్కు, పోనియ్యి" అని అరిచి అతని చొక్కా పట్టి లాగింది ఎస్తేరే. అంతకు మించి ఆమె ఇప్పుడు తన తలలోకి ఏమీ రానివ్వడం లేదు.

లోపల వరప్రసాదం అయ్యగారు వాక్యం చెబుతున్నాడు. ఇద్దరూ వెనక వరసలో చాప మీద ఒదిగి కూర్చున్నారు.

"ఏడిస్తే మారుమనస్సు కాదు నాయనా! ఉదయగిరి పోవాల్సినోడు నెల్లూరు బస్సెక్కినాడు. సగం దోవలో తెలిసింది. కిటికీ ఊచ పట్టుకోని నెల్లూరు దాకా ఏడస్తానే పోయినాడు. వాడికి ఉదయగిరి వస్తాదా?"

"యాడొస్తాదయ్యా!" అన్నారెవరో.

"మరేం చేయాల?"

"దిగాల!" అంది రాహేలమ్మ ముందు వరస నుంచి. "దిగి ఎదురు బస్సెక్కాల. మాకేంది, ఆడోళ్ళకు టిక్కెట్టే లేదు, ఎన్ని బస్సులైనా మారతాం!"

చర్చంతా గొల్లున నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు.

"అంతే తల్లీ. ఏడ్చేది కండ్లు. తిరగాల్సింది కాళ్ళు."

యేసుబాబు లేచి నిలబడ్డాడు. ఎస్తేరు అతని పంచె అంచు పట్టుకుంది. విడిపించుకున్నాడు. "అయ్యగారూ, నేను పాపిని" అంటూ అందరి మధ్యా కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"స్తోత్రం, స్తోత్రం" అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు పాట ఎత్తుకోమని చెప్పి, మొగుడూ పెళ్ళాలను పక్క గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేశాడు.

"చెప్పు యేసుబాబూ."

"మనిషిని గుద్దినానయ్యగారూ. మర్రిపాడు రోడ్డులో. ఆపకుండా వచ్చేసినాను."

అయ్యగారు చేతిలో బైబిలు పక్కన పెట్టాడు. "ఎప్పుడు?"

"ఈ పొద్దే. తెల్లారేటప్పుడు."

"మనిషి ఎట్ట ఉండాడు? ప్రాణం ఉండాదా? ఉంటే చెప్పు, ఆరాధన ఆగినా పర్లేదు, ఇప్పుడే పోదాం పద."

ఇప్పుడే అన్న మాట ఎస్తేరు గుండెల్లో రాయిలా పడింది. ఇప్పుడే అంటే జైలు కూడా ఇప్పుడే. పాపకు పాలు తాపే వేళకు మొగుడు స్టేషన్లో ఉంటాడు.

యేసుబాబు పెదవులు కదిలాయి. అతనికంటే ముందు ఆమే అంది.

"పోయినాడయ్యగారూ. పడిన కాడనే పోయినాడు."

యేసుబాబు గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. ఆమె పాపను అతని చేతుల్లో పెట్టింది. పాప అతని తడి చెంప మీద చేయి వేసి నవ్వింది. అతను తల వంచుకున్నాడు.

అయ్యగారు కుర్చీలో కూలబడ్డాడు.

"పోయినోడికి మనం చేయగలిగేది ఏం లేదు," అన్నాడు చివరికి. "కానీ ఆయన బిడ్డలకు తెలియాల కదా. నువ్వు స్టేషనుకు పోయి చెప్పాల. ఆ పని చేసినప్పుడే ఈ ఏడుపుకు విలువ."

"పోతాడయ్యగారూ," ఎస్తేరు ఆయన కాళ్ళు పట్టుకుంది. "ఈ ఒక్క పూట బిడ్డతో ఉండనియ్యండి. రేపు పొద్దున్నే పోతాం."

"లే తల్లీ. సరే. రేపు పొద్దున నేను కూడా వస్తా. ఒక్కణ్ణే పంపను." అయ్యగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేశాడు. యేసుబాబు ఆమేన్ అనలేదు. ఎస్తేరు అతని వంతు కూడా తనే అంది.

గదిలోంచి బయటికి వస్తే రాహేలమ్మ ఎదురొచ్చి ఎస్తేరు బుగ్గలు పుణికింది. "అదృష్టవంతురాలివి మే. నీ మొగుడికి మంచి మారుమనస్సు ఇచ్చినాడు దేవుడు. మా ఇంట్లో ఉండాడు చూడు, ఉల్లిపాయ కోసినా కంట్లో నీళ్ళు రావు!"

ఎస్తేరు నవ్వబోయింది. నవ్వు రాలేదు. రొట్టె పళ్ళెం దగ్గరికి వచ్చినప్పుడు ఆమె పైట నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయింది. పాపం, వాంతేమోననుకున్నారు అందరూ. మళ్ళీ నెల తప్పిందేమోనని కూడా అనుకున్నారు.

జరిగింది ఇంతే. చదివేవాళ్ళకు ఒక్క మనవి. మీలో ఎవరైనా ఈ పూట మర్రిపాడు రోడ్డున పోతుంటే, కల్వర్టు దగ్గర ఆగి, ఆ కంపల్లోకి తొంగి చూడండి. వీళ్ళ ఆటో కదిలేటప్పుడు ఆ ముసలాయన ఎస్తేరు వైపు చేయి చాపి, "అమ్మా, రవ్వన్ని నీళ్ళు" అని అడిగాడు.