చెల్లెలి గురించి

వికలాంగుల కోసం పనిచేసే ఆ స్వచ్ఛంద పరిశోధనా కేంద్రంలో, వాళ్ల కుటుంబ జీవితాలపై సర్వే చేస్తున్న ఆమె, ఇంటర్వ్యూకి వచ్చిన మనిషిని చూడగానే గుర్తుపట్టింది. చూపులేని సొంత అన్నయ్య! తనకో అన్నయ్య ఉన్నాడని అక్కడ ఎవరికీ చెప్పలేదామె.

పక్కనే డైరెక్టరు కూర్చున్నాడు. ఆమె గొంతు సవరించుకుని, "మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని నలుగురికీ పరిచయం చేస్తారా?" అని అడిగింది.

ఆ గొంతు వినగానే అన్నయ్య తల తిప్పాడు. "ఎందుకు చెయ్యరు మేడమ్? ముఖ్యంగా మా చెల్లెలు. ఎక్కడికెళ్లినా 'మా అన్నయ్య' అని గొప్పగా చెబుతుంది," అన్నాడు.

"అదృష్టవంతులండీ," అన్నాడు డైరెక్టరు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది.

"సార్, ఈయన మా అన్నయ్య," అంది. "ఈ మాట నేను అనడం ఇదే మొదటిసారి."