నూట యాభై ప్రతులు

మా యూనివర్సిటీలో పరీక్ష నెగ్గినంత మాత్రాన డాక్టర్ అయిపోరు. పరిశోధన గ్రంథాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించి, నూట యాభై ప్రతులు నేను పనిచేసే లైబ్రరీలో ఇచ్చి, రసీదు పుచ్చుకున్నాకే పట్టా.

నిన్న లండన్ నుంచి ఈడా అనే ఆవిడ వచ్చింది. హిట్లర్ రోజుల్లో వాళ్ల నాన్న ఇచ్చిన గ్రంథం చూపించమంది. తీసిచ్చాను. ముప్ఫై ఐదేళ్లయినా చెక్కుచెదరలేదు. బాంబులు పడ్డప్పుడు ఆ కట్టలన్నీ నేలమాళిగలోకి మోసింది నేనే.

"అన్నీ ఉన్నాయా అండీ?"

"ఒక్కటి తగ్గితే నన్నడుగు."

ఆమె అట్ట నిమిరింది. "ఒక్కరోజు ముందు తెచ్చుంటే డాక్టర్ అయ్యేవాణ్ణని నాన్న చచ్చేదాకా తనని తానే తిట్టుకున్నారండీ."

"ఆ రోజులే అలాంటివమ్మా," అన్నాను.

ఆయన ఆలస్యంగా రాలేదు. శుక్రవారం మధ్యాహ్నమే తోపుడుబండి మీద తెచ్చారు. బల్ల దగ్గర ఉన్నది నేనే. ప్రతులు లెక్కపెట్టుకుని, "రసీదు సోమవారం రాస్తాను, వెళ్లిరండి," అన్నాను.

సోమవారం నుంచి యూదులకి పట్టాలు ఆపమన్న ఉత్తర్వు అప్పటికే నా సొరుగులో ఉంది.